గుర్రాల శిక్షణ: మెప్పు, దండన

చెప్పినట్టు చేస్తే మెచ్చుకోవడం, చేయకపోతే దండించడం: గుర్రానికి పని నేర్పడంలో ఈ రెండు దారులూ పాతవే. కోపంగా ఉన్నప్పుడు గుర్రం జోలికి వెళ్లొద్దని క్రీ.పూ. 4వ శతాబ్దంలోనే గ్రీకు రచయిత జెనోఫన్ గట్టిగా చెప్పాడు. బెదిరిన గుర్రాన్ని కొడితే, ఆ నొప్పికి ఎదుటి వస్తువే కారణమనుకుని మరింత జడుస్తుందని వివరించాడు.

నిత్యం వాడుకలో ఉన్నది మూడో పద్ధతి. రౌతు పగ్గం బిగిస్తాడు, గుర్రం ఆగగానే వదులుతాడు. ఆ సడలింపే దానికి బహుమానం. వదలడం ఆలస్యమైతే గుర్రానికి పాఠం అందదు, నోట్లో కళ్లెం నొప్పి మాత్రం మిగులుతుంది. మొండితనమనుకుని కొరడా ఎత్తేది చాలాసార్లు అర్థంకాక నిలబడ్డ గుర్రం మీదే. ఇది అన్యాయం.

మెప్పు అంటే క్యారెట్ ముక్కే కానక్కర్లేదు. గుర్రాలు ఒకదాని మూపు మరొకటి పళ్లతో గోకుతాయి. మనిషి అక్కడ గోకినా వాటి గుండె వేగం తగ్గుతుందని 1993లో ప్రచురితమైన పరిశోధన చూపింది. అయితే నేర్పడంలో తిండికే బలమెక్కువని 2010 నాటి ఫ్రెంచి ప్రయోగంలో తేలింది. తినిపిస్తే కరవడం అలవాటవుతుందని కొందరి భయం. తల పక్కకు తిప్పుకుని నిలబడ్డప్పుడే ముక్క అందిస్తే గుర్రం జేబులు వెతకడం మానుతుంది.

ఇక దండన మాటకొస్తే, నార్వే 1982లోనే గుర్రప్పందేల్లో, ప్రమాదం తప్పించడానికి తప్ప, కొరడా వాడకాన్ని నిషేధించింది.