ముందు పనిముట్టు, తరువాత పట్టా

సికిందరాబాదుకు రైలు వచ్చినది 1874లో. వాడి నుండి వేసిన ఆ మార్గంతోనే నిజాం ప్రభుత్వపు సొంత రైల్వేల కథ ఆరంభమైనది. పట్టాలు పడిన పందొమ్మిదేళ్లకు, 1893లో, లాలాగూడలో రైల్వే కర్మాగారం వెలసినది. ఇటువంటి కర్మాగారంలో ఫిట్టరు పక్కన నిలిచి ఆకురాయి పట్టడం నేర్చిన కుర్రవాడు కాలక్రమాన తానూ ఫిట్టరవుతాడు. కలిసివస్తే మేస్త్రీ అవుతాడు. అయితే అదే ఆకురాయితో మొదలుపెట్టి రైల్వేలో అత్యున్నతమైన ఇంజనీరు పదవులను అందుకొనే దారి కూడ మన దేశంలో ఒకటి ఉండేది. ఈ ప్రసంగం ఆ దారిని గురించి.

తొలినాళ్లలో రైల్వేల పై పదవులు చాలవరకు ఇంగ్లండు నుండి వచ్చినవారివే. భారతీయుడు పొయ్యిలో బొగ్గు వేయవచ్చును, చెడిన ఇంజనును బాగుచేయవచ్చును. ఆజ్ఞ ఇచ్చే కుర్చీ మాత్రం అతనికి దూరం. 1924లో లీ కమిషను, ప్రభుత్వ రైల్వేల నియామకాలలో నూటికి 75 వంతులు భారతీయులకు దక్కవలెనని సిఫారసు చేసినది. దక్కినంత మాత్రాన చాలదు. అందుకు తగినవారు తయారుకావలెను గదా! 1927లో బీహారులోని జమాల్‌పూరులో స్పెషల్ క్లాస్ రైల్వే అప్రెంటిసుల శిక్షణ ప్రారంభమైనది. అక్కడి కర్మాగారం 1862 నాటిది.

పదిహేడు, ఇరవయ్యొక్క ఏళ్ల నడుమ వయసువారు, ఇంటర్మీడియెట్‌లో గణితం చదివినవారు, అఖిల భారత పోటీ పరీక్షలో నెగ్గి అక్కడికి చేరేవారు. ఏటా ఎంపికయ్యేది కొద్దిమందే. నాలుగేళ్ల శిక్షణలో కొలిమి, పోత, లేతు, కూర్పు పనులు ఒకవైపు. గణితమూ యంత్రశాస్త్రమూ మరొకవైపు. తొలి తరాలవారు ఇంజనీర్ల వృత్తిసంస్థల పరీక్షలు వ్రాసేవారు. ఈ శతాబ్దంలో, రాంచీ సమీపాన మెస్రాలోని బిర్లా సాంకేతిక సంస్థ వారికి మెకానికల్ ఇంజనీరింగు పట్టా ఇచ్చినది.

ఇందులోని మర్మం ఒక్కటే. రేపు అధికారి కాబోయేవాడు నేడు నూనె మరకల దుస్తులతో కార్మికుని పక్కన నిలువవలెను. ఇనుము ఎంత కాగితే వంగునో, ఒక మర బిగించడానికి ఎంతసేపు పట్టునో చేతితో తెలిసినవాడు, సాధ్యం కాని గడువు పెట్టడానికి జంకుతాడు.

అయినా ఈ కథకు రెండవ ముఖం లేకపోలేదు. లాలాగూడ కుర్రవాడూ అప్రెంటిసే, జమాల్‌పూరు కుర్రవాడూ అప్రెంటిసే. ఒకరి చివరిమెట్టు మరొకరి మొదటిమెట్టు. ఇద్దరినీ వేరుచేసినది చేతి నైపుణ్యం కాదు. చదువుకొనే అవకాశం, ఒక పరీక్ష.

2015లో రైల్వే శాఖ ఈ ఎంపికను నిలిపివేసినది. ఇప్పుడు ముందు పట్టా, తరువాత ఉద్యోగం, ఆపైన శిక్షణ. ఆ శిక్షణలో సికిందరాబాదుకూ గౌరవస్థానమున్నది: 1957లో ఇక్కడ నెలకొన్న సిగ్నల్, టెలికమ్యూనికేషన్ల శిక్షణాలయంలో అధికారులూ, సిబ్బందీ నేటికీ చదువుకొంటున్నారు. 1966లో ఈ నగరమే దక్షిణ మధ్య రైల్వేకు కేంద్రమైనది.

పథకాలు వస్తవి, పోతవి. కాని రాత్రివేళ బండిలో మనము నిశ్చింతగా నిద్రించేది ఎవరి పట్టాను చూచి కాదు. ఎక్కడో ఒక చేయి మరను సరిగా బిగించినదనీ, ఆ బిగింపు ఎట్లుండవలెనో తెలిసిన కన్ను దానిని పరీక్షించినదనీ నమ్మి. ఆ కన్నూ, ఆ చేయీ కొంతకాలమైనా ఒకే బల్ల వద్ద పని నేర్చుకొనే ఏర్పాటు ఏ పేరుతో వచ్చినా మనకు మేలే.