పలువరుసను దిద్దే విద్య: తీగ నుండి ప్లాస్టిక్ తొడుగు వరకు

పన్ను ఎముకలో దిగగొట్టిన మేకు వంటిదని సామాన్యంగా అనుకుంటారు. మేకును కదిలిస్తే వదులై ఊడివస్తుంది. పన్ను అలా కాదు. దాని వేరుకూ దవడ ఎముకకూ నడుమ మిల్లీమీటరులో సుమారు అయిదవ వంతు మందం గల పీచుపొర ఒకటి ఉన్నది. పంటిపై ఒక వైపు నుండి మెల్లగా, ఎడతెగకుండ ఒత్తిడి కలిగించినట్లయితే, నొక్కుడు పడిన వైపున ఎముకను కరిగించే కణాలు చేరుతాయి. లాగుడు పడిన వైపున ఎముకను కట్టే కణాలు చేరుతాయి. ముందున్న ఎముక కరిగి దారి ఇస్తుంది; వెనుక కొత్త ఎముక పూడుకొని వస్తుంది. ఈ విధంగా పన్ను తన గుంతతో సహా జరిగిపోతుంది. ఎత్తుపళ్ళను, వంకరపళ్ళను సరిచేసే వైద్యమంతయు ఈ ఒక్క ధర్మం మీదనే ఆధారపడినది.

ఈ ధర్మం తెలియక పూర్వమే పళ్ళను దిద్దే ప్రయత్నాలు మొదలైనవి. ఫ్రాన్సు దేశపు వైద్యుడు పియేర్ ఫోషార్ 1728లో ప్రకటించిన దంతవైద్య గ్రంథంలో, గుర్రపు లాడం ఆకారం గల లోహపు పట్టీని పలువరుసకు ఆనించి, వంకరపళ్ళను దానికి దారంతో కట్టి, క్రమంగా లాగే ఉపాయం ఉన్నది. పట్టకారుతో పంటిని ఒక్కసారిగా తిప్పి, పక్కపళ్ళకు కట్టివేయడం కూడ ఆ కాలపు పద్ధతియే. బలం ఎంత ఉండవలెను, ఎంత వ్యవధి ఇవ్వవలెను అనే ప్రశ్నలకు అప్పుడు సమాధానం లేదు.

ఆ ప్రశ్నను పట్టించుకొన్నవారిలో అమెరికాకు చెందిన జాన్ నటింగ్ ఫారార్ ముఖ్యుడు. ఆయన బృహద్గ్రంథం 1888లో వెలువడినది. పంటిపై బలాన్ని ఆగి ఆగి ప్రయోగించవలెననీ, దానికి ఒక హద్దు ఉండవలెననీ ఆయన వాదించినాడు. ఉదయం అంగుళంలో 240వ వంతు, సాయంత్రం మళ్ళీ అంతే. అంతకు మించరాదని లెక్క కట్టి, సన్నని మరచుట్లతో బిగించే పరికరాలను తయారు చేసినాడు. తరువాత ఎడ్వర్డ్ ఆంగిల్ 1899లో పలువరుస లోపాలను వర్గీకరించి, 1900లో సెయింట్ లూయిస్ నగరంలో ఈ విద్యకు ప్రత్యేకంగా పాఠశాల నెలకొల్పినాడు.

ఎముక లోపల ఏమి జరుగుతున్నదో కంటితో చూచినది స్వీడన్ దేశపు కార్ల్ సాండ్‌స్టెట్. కుక్కల పళ్ళను కదిలించి, దవడ ఎముకను పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శినితో పరిశీలించినాడు. ఆ ఫలితాలు 1904–05లో ప్రచురితమైనవి. తేలికైన ఒత్తిడి పడిన చోట ఎముక క్రమంగా కరిగినది. ఒత్తిడి మితిమీరిన చోట పీచుపొరలోని రక్తనాళాలు నొక్కుకొనిపోయి, కణజాలం నిర్జీవమైనది. పన్ను ముందుకు పోవడానికి మారుగా నిలిచిపోయినది. 1932లో ఆస్ట్రియాకు చెందిన ష్వార్జ్ ఈ సంగతికి ఒక కొలత చెప్పినాడు. పంటివేరుపై పడే ఒత్తిడి సన్నని రక్తనాళాలలోని ఒత్తిడిని, అనగా చదరపు సెంటీమీటరుకు 20 నుండి 26 గ్రాములను, మించరాదని ఆయన సూచన. ఇదే అంకె అందరి పళ్ళకూ వర్తిస్తుందని నేటి శాస్త్రజ్ఞులు ఒప్పుకోరు. కాని తేలికైన బలమే మేలు అనే మూలసూత్రం మాత్రం నిలిచినది.

ఈ లోపున 1895లో రాంట్‌జెన్ కనుగొన్న ఎక్స్‌కిరణాలు దంతవైద్యుని చేతికి అందినవి. డెన్వర్ నగరంలో వైద్యం చేస్తుండిన ఆల్బర్ట్ కెచమ్ 1927లోను, 1929లోను ఒక కలవరం కలిగించే విషయం బయటపెట్టినాడు. పలువరుస చక్కగా దిద్దబడిన కొందరిలో పంటివేళ్ళ కొనలు కరిగి పొట్టివైపోయినట్లు ఎక్స్‌రే చిత్రాలు తెలిపినవి. పైకి చూస్తే నవ్వు అందంగానే ఉన్నది; చిగురు కింద నష్టం జరిగిపోయినది. ఆ వైద్యం చేసినవారు అనాడులు కారు, అందులో ఆరితేరిన నిపుణులే. ఈ శాఖలో వైద్యుల యోగ్యతను పరీక్షించడానికి అమెరికాలో 1929లో ఒక బోర్డు ఏర్పడినప్పుడు, దాని మొదటి అధ్యక్షుడు కెచమే కావడం గమనింపదగినది.

ఇంతవరకు పంటిని కదిలించినవి లోహపు పట్టీలు, తీగలు. 1945లో హెరాల్డ్ కెస్లింగ్ వేరొక మార్గం చూపినాడు. రోగి పళ్ళకు ప్లాస్టరు అచ్చు తీసి, అందులోని పళ్ళను రంపంతో వేరుచేసి, మైనంలో సరియైన వరుసలో మళ్ళీ అమర్చి, ఆ అమరికపై రబ్బరు తొడుగు తయారు చేసినాడు. రోగి దానిని ధరిస్తే పళ్ళు తొడుగు ఆకారానికి లొంగి సర్దుకొంటాయి. తీగల వైద్యం ముగిసిన తరువాత మిగిలిన కొద్దిపాటి లోపాలకు ఇది ఉపయోగపడినది. ఇటువంటి తొడుగులను వరుసగా మారుస్తూ పోతే పెద్ద కదలికలు కూడ సాధ్యమేననీ, అయితే అప్పటికి అది ఆచరణలో కుదరదనీ ఆయనే వ్రాసినాడు. 1964లో హెన్రీ నహూమ్ పలుచని ప్లాస్టిక్ రేకును వేడిచేసి, గాలి తీసివేసి, అచ్చుపై అతుకుకొనేటట్లు చేసే పద్ధతిని వర్ణించినాడు. 1993లో జాన్ షెరిడన్ అదే జాతి పారదర్శకమైన తొడుగులను ప్రచారంలోనికి తెచ్చినాడు.

ఇక్కడ ఒక చిన్న విషయం గుర్తుంచుకోవలెను. తీగ అయితే వైద్యుడే బిగించవలెను. తొడుగు అయినా కదలిక సాగినకొద్దీ దానిని సవరించడానికో, కొత్త అచ్చు తీయడానికో రోగి వైద్యుని వద్దకు రావలసినదే. వచ్చినప్పుడల్లా వైద్యుడు చిగుళ్ళను చూస్తాడు, పంటిని కదిపి చూస్తాడు, అనుమానం కలిగితే ఎక్స్‌రే తీస్తాడు. పర్యవేక్షణ అనేది ప్రత్యేకమైన నియమంగా ఉండనక్కరలేకపోయినది. పరికరం తయారీలోనే అది ఇమిడి ఉన్నది.

1997లో కాలిఫోర్నియాలో జియా చిష్టీ, కెల్సీ వర్త్ అనువారు కొందరితో కలిసి అలైన్ టెక్నాలజీ అనే సంస్థను స్థాపించినారు. కెస్లింగ్ కుదరదన్న పని కంప్యూటరుతో కుదిరినది. ఒక్కసారి తీసిన అచ్చును కంప్యూటరులోనికి ఎక్కించి, మొదటి స్థితి నుండి చివరి స్థితి వరకు గల మార్గాన్ని చిన్న చిన్న మెట్లుగా విభజించి, ప్రతి మెట్టుకూ ఒక నమూనా తయారు చేసి, దానిపై ప్లాస్టిక్ తొడుగు పోసినారు. ఒక్కొక్క తొడుగు పంటిని సుమారు పావు మిల్లీమీటరు మాత్రమే జరుపుతుంది. రోజుకు 20 నుండి 22 గంటలు ధరించి, వారం రెండు వారాలకొకసారి మార్చుకోవలెను. అమెరికా ప్రభుత్వపు ఔషధ నియంత్రణ సంస్థ 1998లో దీనికి అనుమతి ఇచ్చినది. వీటినే క్లియర్ అలైనర్లు అంటున్నారు.

తినేటప్పుడు తీయవచ్చును, పళ్ళు సులభంగా తోముకోవచ్చును, ఎదుటివారికి కనిపించవు. ఈ సౌకర్యాలు నిజమైనవే. కాని తొడుగులన్నీ ముందే తయారై ఒక పెట్టెలో చేరినవి గనుక, రోగి మధ్యలో వైద్యుని దర్శించకపోయినా పని ఆగదు. పూర్వం పరికరమే బలవంతంగా జరిపించిన పరీక్ష ఇప్పుడు ఐచ్ఛికమైనది.

2014లో అమెరికాలో మొదలైన స్మైల్ డైరెక్ట్ క్లబ్ అనే సంస్థ ఈ అవకాశాన్నే వ్యాపారంగా మలచినది. రోగి ఇంటి వద్దనే అచ్చు తీసుకొని పంపితే, దూరాన ఉన్న దంతవైద్యుడు చూచి సమ్మతించగా, తొడుగులు టపాలో వచ్చేవి. ఖర్చు తక్కువ, వైద్యుని ముఖాముఖి కలియనక్కరలేదు. 20 లక్షలకు పైగా జనం తమ సేవ పొందినారని ఆ సంస్థ చెప్పుకొన్నది. ఇంటి అచ్చులో పంటి పైభాగం పడుతుంది. వేరు, ఎముక పడవు. ఈ కొరతను గమనించి కాలిఫోర్నియా రాష్ట్రం 2019లో ఒక చట్టం చేసినది. ఎముక స్థితిని తెలిపే ఎక్స్‌రేను గాని, దానికి సమానమైన చిత్రాన్ని గాని పరిశీలించనిదే ఏ దంతవైద్యుడూ పళ్ళను కదిలించడానికి అనుమతించరాదని అందులోని నిబంధన. 2023 డిసెంబరులో స్మైల్ డైరెక్ట్ క్లబ్ అప్పుల భారంతో మూతపడినది. చికిత్స మధ్యలో ఉన్నవారికి లభించిన సలహా ఒక్కటే: స్థానిక దంతవైద్యుని సంప్రదించండి.

ఇంతకూ ఆ వైద్యుడు చూచేదేమిటి? చికిత్సకు ముందు చిగుళ్ళ వ్యాధి, పిప్పిపన్ను, ఎముకలో చిక్కుకొన్న పన్ను ఉన్నవేమో చూస్తాడు. వ్యాధితో వాచిన చిగుళ్ళ మధ్య పంటిని కదిలిస్తే, అసలే తరిగిన ఎముక మరింత తరుగుతుంది. చికిత్స నడుస్తున్నప్పుడు తొడుగుకూ పంటికొనకూ మధ్య సందు ఏర్పడినదేమో చూస్తాడు. సందు కనిపించినచో పన్ను వెనుకబడినదని అర్థం. అప్పుడు పాత తొడుగునే మరికొంతకాలం ధరింపజేయడమో, మళ్ళీ కొలత తీసి కొత్త పథకం వేయడమో జరగవలెను. ఆ సంగతి తెలియక రోగి తరువాతి తొడుగులోనికి పోతే, పథకం ఒక దారిని, పన్ను ఒక దారిని పోతాయి. తొడుగుకు పట్టు దొరకడానికి పళ్ళపై అతికించిన చిన్న బుడిపెలు ఊడిపోయినవా, పళ్ళ నడుమ అరగదీసి చేసిన చోటు సరిపోయినదా, పై పళ్ళు కింది పళ్ళు నమిలేటప్పుడు కలుస్తున్నవా అన్నవి కూడ అతడే పరీక్షించవలెను. చివరికి, పళ్ళు వెనుకకు మరలకుండ నిలుపుడు తొడుగు ధరింపజేసేదీ అతడే.

ఫోను ద్వారా పంపే ఛాయాచిత్రాలు ఈ పనిలో కొంత సాయపడవచ్చును. కాని ఛాయాచిత్రం పంటిని కదిపి చూడలేదు. చిగురు కింది లోతు కొలవలేదు.

2017 నుండి తొలి పేటెంట్ల గడువు తీరడంతో అనేక సంస్థలు ఈ తొడుగులు తయారు చేస్తున్నవి, భారతదేశంలోను చేస్తున్నవి. వెల తగ్గితే మంచిదే. అయితే కంప్యూటరు చెప్పేది పళ్ళు ఎటు పోవలెనన్న సంగతి మాత్రమే. అవి నిజంగా ఎటు పోతున్నవో, దారిలో ఎముకకేమి అవుతున్నదో నోరు తెరిపించి చూచినవానికే తెలుస్తుంది. దాదాపు నూరేళ్ళకు పూర్వం కెచమ్ చేసినది ఆ పనియే.