కన్జర్వేటివ్ అంటే ఏ విషయంలో?

ఎవరినైనా కన్జర్వేటివ్ అనేస్తాం గానీ, ఏ విషయంలో అని అడగం.

మన రాజమండ్రి వీరేశలింగం గారినే తీసుకోండి. 1881 డిసెంబర్ 11న, వెలివేస్తామన్నా వినకుండా, తన చేతుల మీదుగా తొలి వితంతు వివాహం జరిపించారు. అదే మనిషి బ్రిటిష్ సర్కారుతో పేచీ పెట్టుకోలేదు. 1893లో రావుబహదూర్ బిరుదు కూడా తీసుకున్నారు.

పూనాలో తిలక్ గారిది రివర్స్. తెల్లదొరల మీద తిరగబడి 1908లో జైలుకెళ్లారు. కానీ 1891లో ఆడపిల్లల కాపురానికి కనీస వయసు 10 నుంచి 12కి పెంచే బిల్లొస్తే, మన ఆచారాల్లో పరాయి సర్కారు జోక్యమేంటని వ్యతిరేకించారు.

అంటే ఒకరు రాజ్యం విషయంలో పాతని కదపలేదు, ఇంకొకరు ఇంటి విషయంలో.

ఈసారి ఎవరైనా సంప్రదాయం కాపాడదాం అంటే, ఏది, ఎవరి బతుకు పణంగా పెట్టి అని అడగండి.