భూకంప జోస్యం: వందేళ్ల వెతుకులాట

1906 ఏప్రిల్ 18న వచ్చిన భూకంపం శాన్‌ఫ్రాన్సిస్కోను నేలమట్టం చేసింది. శాన్ ఆండ్రియాస్ అనే భూమి పగులు మీదుగా వేసిన పొలాల కంచెలు తెగి, కొన్నిచోట్ల పది అడుగులకు పైగా పక్కకు జరిగాయి. ఆ కొలతలను పరిశీలించి శాస్త్రవేత్త హ్యారీ ఫీల్డింగ్ రీడ్ 1910లో ఒక సిద్ధాంతం చెప్పాడు. పగులుకు ఇరువైపులా రాళ్లు ఏళ్ల తరబడి వంగుతూ ఒత్తిడిని కూడబెట్టుకుంటాయి, ఇక ఓర్చుకోలేనప్పుడు ఒక్కసారిగా జారతాయి. కారణం తెలిసింది గనుక ముహూర్తమూ తెలుస్తుందన్న ఆశ పుట్టింది.

ఆ ఆశకు చైనా బలమిచ్చింది. 1975 ఫిబ్రవరి 4న హైచెంగ్‌లో చిన్న ప్రకంపనలు వరసగా రావడంతో జనాన్ని ఇళ్లు ఖాళీ చేయించారు. ఆ సాయంత్రమే 7.3 తీవ్రతతో భూమి కంపించింది. వేల ప్రాణాలు దక్కాయి. మరుసటి ఏడు జులై 28న టాంగ్‌షాన్‌లో వచ్చిన భూకంపానికి ముందు అలాంటి సూచనేదీ లేదు. అధికారిక లెక్క ప్రకారమే 2,42,000 మందికి పైగా చనిపోయారు.

తర్వాతి పరీక్ష కాలిఫోర్నియాలోని పార్క్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్లో జరిగింది. అక్కడ 1857, 1881, 1901, 1922, 1934, 1966లలో భూకంపాలు వచ్చాయి. సగటున 22 ఏళ్లకొకటి. తర్వాతిది 1993లోపు వస్తుందని అంచనా కట్టి, ఆ ప్రాంతమంతా పరికరాలు అమర్చారు. గడువు దాటిపోయింది. చివరకు అది 2004 సెప్టెంబర్ 28న వచ్చింది. అన్ని పరికరాలు కాపలా కాస్తున్నా నమ్మదగిన ముందస్తు సంకేతం ఒక్కటీ దొరకలేదు.

చిక్కంతా లోతులో ఉంది. కిలోమీటర్ల అడుగున రాతిలో ఎంత ఒత్తిడి ఉందో, అదెంతవరకు ఓర్చుకుంటుందో నేరుగా కొలవలేం. పైగా చిన్న కదలికా, మహావిపత్తూ మొదట ఒకేలా ఉంటాయి. పగులు కొద్ది దూరంలో ఆగుతుందా, వందల కిలోమీటర్లు చీలుతుందా అన్నది దారిలోనే తేలుతుంది.

భూమి కంపించాక వచ్చే సునామీకైతే కాస్త వ్యవధి దొరుకుతుంది. అయినా అల ఎత్తు చెప్పడం కష్టమే. 2011 మార్చి 11న భూకంపం వచ్చిన మూడు నిమిషాల్లో జపాన్ హెచ్చరిక ఇచ్చింది. కానీ భూకంప తీవ్రతను 7.9గా లెక్కగట్టి, ఇవాటె తీరానికి మూడు మీటర్ల అల వస్తుందని చెప్పింది. నిజమైన తీవ్రత 9. అంచనా సవరించేలోపు కరెంటు పోయి, చాలామందికి కొత్త హెచ్చరిక చేరనే లేదు. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర ఇందుకు భిన్నంగా జరిగింది. తీవ్రత 8.6 అయినా సముద్రగర్భం పైకి లేవకుండా పక్కకు జారడంతో పెద్ద అల రాలేదు.

2004 డిసెంబర్ 26న సునామీ వచ్చేనాటికి హిందూ మహాసముద్రానికి హెచ్చరిక వ్యవస్థే లేదు. 2007 నుంచి భారత తీరానికి హెచ్చరికలిచ్చే బాధ్యతను హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చూస్తోంది. అయితే దాని పని మొదలయ్యేది భూమి కంపించాకే. తేదీ చెప్పేవారి కోసం ఎదురుచూడకుండా ఇళ్లను తట్టుకునేలా కట్టుకుందాం. తీరంలో నేల గట్టిగా, చాలాసేపు ఊగితే సైరన్ కోసం ఆగకండి, వెంటనే ఎత్తైన చోటికి వెళ్లండి.