భిలాయిలో రోడ్డు బాధ్యత ఎవరిది? రవాణా, ప్రజాభద్రతలపై జనాభిప్రాయం: ఒక పరిశీలన

భిలాయిలో రోడ్డు భద్రత మాటెత్తితే చర్చ హెల్మెట్‌తో మొదలై చలానాతో ముగుస్తుంది. పట్టుకుంటే తప్ప జనం పెట్టుకోరని ఒకరంటారు, వసూళ్ళ కోసమే పట్టుకుంటున్నారని ఇంకొకరంటారు. ఈ రెండు మాటల మధ్యే తిరిగితే జనాభిప్రాయంలో సగమే తెలుస్తుంది. నియమం అందరికీ ఒకటేనా, దాన్ని పెట్టినవాడు తన వంతు పని చేశాడా అన్న ప్రశ్నలు మిగతా సగం. ఇటీవలి కొన్ని ఘటనల ఆధారంగా ఆ రెండో సగాన్ని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు ఊరి అమరిక చూడాలి. ఇక్కడి ఉక్కు కర్మాగారం కోసం 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. రైలు పట్టాలకు దక్షిణాన టౌన్‌షిప్ సెక్టార్లుగా, వెడల్పాటి రోడ్లతో వెలిసింది. ఉత్తరాన జీఈ రోడ్డు వెంట సుపేలా, క్యాంపులు, ఖుర్సీపార్ జనం అవసరం కొద్దీ పెరిగాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికి వచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఖుర్సీపార్‌లో స్థిరపడ్డాయి. సెక్టార్ 5 బాలాజీ గుడికి పోవాలన్నా, ప్లాంటులో డ్యూటీకి పోవాలన్నా వాళ్ళు పట్టాలు దాటాల్సిందే.

ఆ కాస్త దూరంలోనే రోడ్డు బాధ్యులు మారిపోతారు. టౌన్‌షిప్ రోడ్లు ప్లాంటు యాజమాన్యానివి, బస్తీ రోడ్లు నగరపాలికవి, జీఈ రోడ్డు జాతీయ రహదారి, పట్టాలు రైల్వేవి, ట్రాఫిక్ దుర్గ్ జిల్లా పోలీసులది. 2011 జనగణన నాటికే దుర్గ్–భిలాయి నగర సముదాయంలో 10.64 లక్షల జనం ఉన్నారు. ఇప్పుడు ఇక్కడ దుర్గ్, భిలాయి, భిలాయి–చరోదా, రిసాలీ అని నాలుగు నగరపాలికలు. గుంత పడితే ఎవరికి చెప్పాలో తెలియని పౌరుడికి చలానా రాసేవాడు మాత్రం ఠక్కున కనిపిస్తాడు. కోపం అతని మీదికి మళ్ళడంలో వింతేముంది?

హెల్మెట్ అవసరాన్ని కాదనలేం. 2022లో దేశంలో హెల్మెట్ పెట్టుకోకుండా రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 50,029 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో హెల్మెట్ పెట్టుకోనందుకు 1,000 రూపాయల జరిమానా, 3 నెలల పాటు లైసెన్సుకు అనర్హత ఉన్నాయి. ఉక్కు కర్మాగారంలోకి బైకు మీద వెళ్ళే కార్మికుడు గేటు దగ్గర పేచీ పెట్టడు. అక్కడ నియమం రోజూ, అందరికీ, ఒకేలా అమలవుతుంది. బయట అది తనిఖీ ఉన్న వారమే గుర్తొస్తుంది. శిక్ష పెద్దదా చిన్నదా అన్నదానికంటే అది ఖాయమా కాదా అన్నదే జనం చూస్తారని నేర శాస్త్రం చెప్పే మాట గేటు దగ్గర తేలిగ్గా అర్థమవుతుంది.

దుర్గ్ జిల్లాలోని కుమ్హారీలో జరిగిన ఘటనలు ఇంకో కోణం చూపించాయి. 2022 డిసెంబరులో, ఇంకా కడుతున్న ఫ్లైఓవర్ మీదికి రాత్రివేళ బైకుపై వెళ్ళిన దంపతులు కిందపడి చనిపోయారు, బిడ్డ గాయాలతో బతికింది. అక్కడ సరైన అడ్డు లేకపోవడమే ప్రధాన ఆరోపణ. 2024 ఏప్రిల్ 9 రాత్రి, డ్యూటీ ముగించుకుని వస్తున్న కార్మికుల బస్సు మొరం గుంతలో పడి కనీసం 12 మంది మరణించారు. మేజిస్ట్రేట్ విచారణకు ఆదేశించారు. ఈ రెండు చోట్లా హెల్మెట్ ఉపన్యాసం పనికిరాదు. రోడ్డు పక్క గుంతకు కంచె వేయడం బాటసారి పని కాదు.

లారీ డ్రైవర్ల సంగతి వేరు. ప్రాణం పోయేలా ఢీకొట్టి పారిపోతే పదేళ్ళ దాకా జైలు అన్న భారతీయ న్యాయ సంహిత 106(2)పై 2024 జనవరి ఆరంభంలో దేశమంతటా స్టీరింగులు వదిలేశారు. రవాణా సంఘాలతో సంప్రదించాకే అమలని కేంద్రం జనవరి 2న హామీ ఇచ్చింది. జూలై 1న సంహిత అమల్లోకి వచ్చినా ఆ ఉపనిబంధన ఆగిపోయింది. ఆగితే జనం కొడతారన్నది డ్రైవర్ల భయం, ఆగకపోతే ప్రాణం పోతుందన్నది బాధితుల వాదన. నా దృష్టిలో రెండూ నిజమే, కానీ సమ్మె చేయగల సంఘం ఒక పక్షానికే ఉంది. ప్రభుత్వం చెవిన పడేది సంఘటితమైన అభిప్రాయమే.

సంఘం లేని పక్షం మరొకటుంది: బస్సు లేనివాళ్ళు. కోవిడ్ కాలంలో ఆగిన సిటీ బస్సులు మునుపటిలా తిరిగి రాలేదు. షేర్ ఆటో, సొంత బైకు మిగిలాయి. బైకులు పెరిగాక హెల్మెట్ తనిఖీలు పెంచడం రోగం వదిలేసి లక్షణానికి మందు వేయడమే. కేంద్ర పథకమైన పీఎం ఈ–బస్ సేవ కింద ఛత్తీస్‌గఢ్‌కు కేటాయించిన 240 బస్సుల్లో 50 దుర్గ్–భిలాయి వాటా. వాటిని ముందుగా ఖుర్సీపార్, పవర్ హౌస్, సుపేలాల నుంచి ప్లాంటు గేట్ల దాకా షిఫ్టు వేళలకు సరిపడేలా నడపాలి. రూట్లు ఖరారు చేసేముందు నాలుగు నగరపాలికలూ, ప్లాంటు యాజమాన్యమూ, పోలీసులూ ఒకే సభలో కూర్చుని బస్తీవాళ్ళ మాట వినాలి.