కాదన్న రంగస్థలానికే తిరిగొచ్చిన అనార్కలి

1922లో లాహోర్‌లో ఇంతియాజ్ అలీ తాజ్ అనే ఇరవై రెండేళ్ల యువకుడు ఉర్దూలో ‘అనార్కలి’ నాటకం రాశాడు. నాటక కంపెనీలకు చూపిస్తే ఉన్నదున్నట్టు ఆడలేమన్నాయి. వాళ్లు అడిగిన మార్పులు చేయడానికి ఆయన మనసొప్పలేదు. దాంతో నాటకం రంగస్థలం ఎక్కకుండానే మిగిలి, 1930ల మొదట్లో పుస్తకంగా వచ్చింది. ముందుమాటలో తాజే ఈ సంగతి చెప్పుకున్నాడు. ఉర్దూ సాహిత్యంలో ఇప్పటికీ గొప్ప నాటకాల లెక్కలో ఉన్న రచన ఇది. అప్పట్లో రంగస్థలం వద్దన్న ఆ కథ సినిమాగా దేశాన్ని ఊపేసి, తొంభై ఏళ్లు దాటాక ఆ సినిమా చేయి పట్టుకునే మళ్లీ రంగస్థలానికి వచ్చింది. ఒక సినిమాను నాటకంగా మార్చడమంటే ఏమిటో తెలుసుకోవడానికి ‘మొఘల్-ఎ-ఆజమ్’ ప్రయాణాన్ని మించిన పాఠం మన దేశంలో నాకు కనిపించదు.

మొఘల్ చక్రవర్తి అక్బరు కొడుకు సలీం, అనార్కలిల ఈ ప్రేమకథకు చరిత్ర ఆధారం చాలా పలుచన. అబుల్ ఫజల్ రాసిన ‘అక్బర్‌నామా’లో అనార్కలి లేదు. జహంగీర్‌గా రాజైన సలీం తన చేత్తో రాసుకున్న జ్ఞాపకాల్లోనూ లేదు. లాహోర్‌లో ఒక సమాధి ఉంది, దాని చుట్టూ అల్లుకున్న కథలున్నాయి, ఆ పేరు మీద ఒక బజారు ఉంది. పదిహేడో శతాబ్దం మొదట్లో వచ్చిన విలియం ఫించ్ అనే ఇంగ్లిష్ వర్తకుడు ఇలాంటి వదంతిని రాసి పెట్టాడు. తన నాటకానికి జనశ్రుతితోనే సంబంధం తప్ప చరిత్రతో కాదని తాజ్ కూడా ముందే చెప్పేశాడు. ఆ నిజాయితీ వల్ల కథకు మేలే జరిగింది. తర్వాత దాన్ని చేపట్టిన ప్రతివారికీ మార్చుకునే స్వేచ్ఛ దొరికింది.

కంపెనీలు ఎందుకు వద్దన్నాయో ఊహించడం కష్టం కాదు. ఆనాటి పార్శీ నాటకానికి అడుగడుగునా పాట కావాలి, కథ పక్కనే నడిచే హాస్యం కావాలి, ప్రేక్షకుడు నోరు తెరిచే రంగాలంకరణ కావాలి. ఆ పార్శీ కంపెనీలు మన ఊళ్లకూ వచ్చాయి. పందొమ్మిదో శతాబ్దం చివరి పాదంలో తెలుగు నాటకం తెరలు, హంగులు, పాట వరసలు కొంతవరకు వాటి దగ్గర నేర్చుకున్నదే. తాజ్ రాసింది వేరు. ఆయన మనుషుల లోపలి నలుగుడు రాశాడు.

సినిమా మాత్రం ఈ కథను వెంటనే అందుకుంది. 1928లోనే రెండు మూగ చిత్రాలు వచ్చాయి. వాటిలో ఒకదాంట్లో అనార్కలిగా వేసిన సులోచన 1935 టాకీలోనూ ఆ వేషమే వేసింది. 1953లో బీనా రాయ్, ప్రదీప్ కుమార్‌ల ‘అనార్కలి’ సి. రామచంద్ర పాటలతో ఊరూరా మోగింది. రెండేళ్లకు, 1955లో, వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో మన ‘అనార్కలి’ వచ్చింది. అంజలీదేవి, అక్కినేని, అక్బరుగా ఎస్.వి. రంగారావు. ఆదినారాయణరావు కట్టిన వరసలు ఈనాటికీ పాత పాటల అభిమానుల నోళ్లలో ఉన్నాయి. 1970ల చివర్లో ఎన్.టి. రామారావు ‘అక్బర్ సలీం అనార్కలి’ తీసి, తానే అక్బరుగా వేసి, సంగీతానికి ఆ సి. రామచంద్రనే పిలిచారు. తాజ్ నాటకానికి అమ్మాయి పేరు, కె. ఆసిఫ్ తీసిన ‘మొఘల్-ఎ-ఆజమ్’కు చక్రవర్తి బిరుదు, రామారావు సినిమాకు ముగ్గురి పేర్లూ. కథ బరువు ఎవరి భుజాల మీద పడిందో పేర్లే చెబుతాయి.

కె. ఆసిఫ్ దగ్గర మాత్రం ఆగాలి. 1940ల మధ్యలో చంద్రమోహన్, నర్గీస్, సప్రూలతో ఆయన ‘మొఘల్-ఎ-ఆజమ్’ మొదలుపెట్టాడు. దేశ విభజనతో నిర్మాత షిరాజ్ అలీ హకీం పాకిస్తాన్ వెళ్లిపోయాడు. 1949లో చంద్రమోహన్ చనిపోయాడు. వేరెవరైనా అక్కడితో వదిలేసేవారు. ఆసిఫ్ వదల్లేదు. భవన నిర్మాణ వ్యాపారంలో ఉన్న షాపూర్‌జీ పల్లోంజీని డబ్బు పెట్టడానికి ఒప్పించి, పృథ్వీరాజ్ కపూర్, దిలీప్ కుమార్, మధుబాలలతో మళ్లీ మొదటి నుంచి తీశాడు. 1960 ఆగస్టు 5న బొంబాయి మరాఠా మందిర్‌లో సినిమా విడుదలైంది.

అక్బరు పాత్రకు ఎంచుకున్న నటుడెవరో గమనించండి. పృథ్వీరాజ్ కపూర్ 1944లో పృథ్వీ థియేటర్స్ పెట్టి, బృందాన్ని వెంటబెట్టుకుని దేశమంతా నాటకాలాడిన మనిషి. ఆ గొంతు చివరి బెంచీ వాడికి వినపడేలా సాధన చేసిన గొంతు. కమాల్ అమ్రోహి, వజాహత్ మీర్జా, ఎహ్సాన్ రిజ్వీ, అమాన్ కలిసి రాసిన సంభాషణలు కూడా పార్శీ రంగస్థలం మీద పుట్టిన వాగ్ధాటికి వారసులే. రంగస్థలం నుంచి దూరంగా వెళ్లిందనుకున్న కథ నాటకాన్ని గొంతులో దాచుకునే వెళ్లింది.

అయితే ఆసిఫ్ చేసిన అసలు పని అద్దాల దగ్గర కనిపిస్తుంది. తాజ్ నాటకంలో నౌరోజు వేడుకలో అద్దం ఒక గూఢచారి. సలీం, అనార్కలిల చూపులు కలవడం అక్బరు కంట అద్దంలో పడేలా అనార్కలి అంటే అసూయపడే దిలారాం ఏర్పాటు చేస్తుంది. రహస్యం అక్కడ బయటపడుతుంది. సినిమాలో దిలారాం స్థానంలో బహార్ వచ్చింది, అద్దం పని తలకిందులైంది. ఇక్కడ అనార్కలి దాచుకోవడానికి ఏమీ లేదు. చక్రవర్తి ఎదుటే తన ప్రేమను పాడి చెబుతుంది. పైకప్పు మీది వేల అద్దపు ముక్కల్లో ఆమె వేలమందై కనిపిస్తుంది. ఏ అద్దం పగలగొట్టి ఆ ధిక్కారాన్ని ఆపాలో అక్బరుకు తెలియదు. మోహన్ స్టూడియోలో ఆ శీష్ మహల్ కట్టడానికి రెండేళ్లు పట్టిందంటారు. అద్దాల్లో దీపాలు తిరగబడి కళ్లు చెదురుతుంటే ఛాయాగ్రాహకుడు ఆర్.డి. మాథుర్ వెలుగును నేరుగా వేయకుండా వేరే చోట పడేసి తిప్పి వాడుకున్నాడు. ఒక నాటక రచయిత ఊహించిన అద్దాన్ని సినిమా ఇంత దూరం తీసుకెళ్లింది.

ముగింపు కూడా మారింది. జనశ్రుతిలోనూ తాజ్ నాటకంలోనూ ఆమెను గోడలో సజీవంగా సమాధి చేస్తారు. ఆసిఫ్ అక్బరు మాత్రం ఎప్పుడో అనార్కలి తల్లికిచ్చిన మాట కోసం సొరంగం గుండా ఆమెను రహస్యంగా పంపించేస్తాడు. సలీం దృష్టిలో ఆమె చనిపోయినట్టే. దీనివల్ల దుఃఖం కొంత పలచబడిందని నా అభిప్రాయం. కానీ సినిమా పేరుకు తగినట్టు విషాదం అక్బరుది అయింది. న్యాయమూ రాజ్యమూ కొడుకూ మధ్య నలిగిన తండ్రి అందులో మిగిలాడు.

ఈ సినిమాను 2016లో ఫిరోజ్ అబ్బాస్ ఖాన్ రంగస్థలానికి తెచ్చాడు. 1992లో రెండు కుర్చీలు, కొన్ని ఉత్తరాలతో ‘తుమ్హారీ అమృత’ ఆడించిన దర్శకుడు ఆయన. అంత నిరాడంబరంగా నాటకం చేయగల మనిషి ఇంత ఆడంబరమైన సినిమా వైపు మళ్లడం విశేషమే. హక్కులున్న షాపూర్‌జీ పల్లోంజీ సంస్థే నిర్మాణానికి ముందుకొచ్చింది. ఆ అక్టోబరులో ముంబయి ఎన్‌సీపీఏ రంగశాలలో తొలి ప్రదర్శన జరిగింది. మనీష్ మల్హోత్రా దుస్తులు, మయూరి ఉపాధ్య నృత్యాలు, కథక్ నర్తకీమణుల బృందం, నీల్ పటేల్ రంగాలంకరణ, వెనుక తెర మీద కోటలు, మహళ్లు చూపించే ప్రొజెక్షన్లు. తర్వాత ఢిల్లీకి, విదేశాలకు వెళ్లి, 2023లో అమెరికా నగరాల్లోనూ ఆడింది.

ఇక్కడ సినిమాను నాటకం చేయడంలోని చిక్కు తెలుస్తుంది. సలీం పక్షి ఈకతో అనార్కలి ముఖాన్ని మెల్లగా తాకే దృశ్యం మన సినిమాల్లోని గొప్ప శృంగార ఘట్టాల్లో ఒకటి. అదంతా దగ్గరి షాట్ల మహిమ. మధుబాల రెప్ప వాలడం కూడా కథే. వెయ్యిమంది కూర్చున్న హాలులో వెనక వరుసవాడికి రెప్ప కనిపించదు. కెమెరా దగ్గరితనాన్ని రంగస్థలం ఎన్ని కోట్లు పోసినా కొనలేదు. ప్రొజెక్షన్లు శీష్ మహల్‌ను గుర్తు చేయగలవు, అంతే. సినిమా ఇప్పటికే చేసి చూపించిన వైభవంతో పోటీ పడినప్పుడల్లా నాటకం రెండో స్థానంలోనే నిలబడుతుంది.

ఈ ప్రదర్శనకు ప్రాణం పోసింది వేరొకటి. అనార్కలి పాత్రధారులు ప్రియాంక బర్వే, నేహా సర్గమ్ వంటివారు సినిమాకు నౌషాద్ కట్టిన పాటలను అక్కడికక్కడే, నర్తిస్తూ, గొంతెత్తి పాడారు. సినిమాలో మధుబాల పెదవులు కదిపితే లతా మంగేష్కర్ గొంతు వినిపించింది. ముఖం ఒకరిది, గాత్రం ఇంకొకరిది. ఎదురు తిరిగే అమ్మాయీ పాడే అమ్మాయీ ఒక్కరే కావడం సినిమా ఇవ్వలేకపోయిన సంగతి. ఆయాసపడుతున్న ఛాతీ నుంచి వచ్చే ధిక్కారానికి రికార్డింగ్ గదిలో పాడిన పాటకు లేని తెగువ ఉంటుంది. లత కన్నా బాగా పాడారా అన్న ప్రశ్నే అనవసరం. ఆ పాట ఆ రాత్రి ఒక్కసారే పుట్టింది.

తెలుగువారికి ఈ సంగతి కొత్త కాదు. పీసపాటి, షణ్ముఖి ఆంజనేయరాజు పద్యం ఎత్తుకుంటే వన్స్‌మోర్ అని అరిచిన ప్రేక్షకులకు కథ ముందే తెలుసు, పద్యం కంఠతా వచ్చు. తెలిసినదాన్నే ఆ మనిషి గొంతులో ఈ రాత్రి ఎలా ఉంటుందో వినడానికి వచ్చేవారు. అభిమాన సినిమాను నాటకంగా చూడడానికి వచ్చే ప్రేక్షకుడు సరిగ్గా ఇలాంటివాడే.

మన దారి చాలాకాలం ఒకవైపే నడిచింది. ‘వరవిక్రయం’, ‘చింతామణి’, ‘కన్యాశుల్కం’ రంగస్థలం నుంచి తెరకెక్కాయి. తిరుగు ప్రయాణానికి మన దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా తగిన సినిమా 1951 నాటి ‘మల్లీశ్వరి’ అని నేను నమ్ముతాను. ఇందులోనూ ఒక చక్రవర్తి ఉన్నాడు, అంతఃపురంలో చిక్కిన అమ్మాయి ఉంది, చివరకు క్షమ ఉంది. బి.ఎన్. రెడ్డి ఆ కథకు ప్రేరణ పొందిన వాటిలో బుచ్చిబాబు నాటిక ‘రాయలకరుణకృత్యం’ ఒకటి. అంటే దీనికీ పుట్టిల్లు నాటకమే. దేవులపల్లి కృష్ణశాస్త్రి మాట, సాలూరి రాజేశ్వరరావు బాణీ నాటకానికి పనికొచ్చే సరుకు. పైగా అందులో భానుమతి తన పాటలు తానే పాడుకున్నారు.

ఎవరైనా ఆ పనికి పూనుకుంటే ఒక్క విన్నపం. విజయనగర రాజసభ సెట్టుకు ముందు ఖర్చు పెట్టకండి, పాత రికార్డు పెట్టి పెదవులు కదిలించకండి. ముందు వేదిక మీద నిలబడి, మైకు ఉన్నా లేకపోయినా పాడగల మల్లీశ్వరిని వెతకండి.