ప్యాచ్ వెనకవైపు చరిత్ర

1942లో అమెరికా పదో వైమానిక దళం ప్రధాన కార్యాలయం ఢిల్లీకి వచ్చింది. బర్మా రోడ్డు జపాన్ వశమయ్యాక అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాకు విమానాల్లో చేరిన సరుకు సుమారు 6,50,000 టన్నులు. ఈ యుద్ధరంగంలోని అమెరికా సైనికుల భుజం ప్యాచ్ మీద కింద ఎర్ర తెల్ల చారలు, పైన నీలి భాగంలో చైనా సూర్యుడు, స్టార్ ఆఫ్ ఇండియా ఉండేవి. అమెరికా ఫ్యాక్టరీల్లో యంత్రం కుట్టినవి దాదాపు ఒకేలా ఉంటాయి. ఇక్కడి దర్జీలు ఉన్ని గుడ్డ మీద, తోలు ముక్కలతో, జర్దోసీ పద్ధతిలో జరీ తీగతో చేసినవాటిలో ఏ రెండూ ఒకటి కావు. సేకర్తలు వీటిని అమెరికా సైనిక చరిత్ర కింద జమ కడతారు. నా దృష్టిలో ఇవి మన చేతిపని చరిత్రకు కూడా అంతే గట్టి ఆధారాలు.

ఆ ఆధారం ప్యాచ్ వెనకవైపు ఉంటుంది. ముడులు, దారం మలుపులు, అస్తరు గుడ్డ చూస్తే పనివాడు ఎక్కడ మొదలుపెట్టాడో, ఎక్కడ దారం పొదుపు చేశాడో తెలుస్తుంది. 1943లో అమెరికా జనరల్ చెనాల్ట్ నాయకత్వంలో ఏర్పడిన 14వ వైమానిక దళం గుర్తు రెక్కల పులి. బొమ్మ ఒక్కటే అయినా, చేతికుట్టులో ఒక్కో పులిది ఒక్కో ముఖం. నిబంధనల కొలతకు నిలవని ఇలాంటివి అసలైనవెలా అవుతాయని కొందరంటారు. కానీ సైనికులు తొడుక్కున్నవి ఇవే. నిబంధన చెప్పేది ఏం ఉండాలన్నది మాత్రమే.

నకిలీల సంగతి ఇంతకన్నా గట్టి అభ్యంతరం. జర్దోసీ ఇప్పటికీ బతికున్న విద్య కాబట్టి పాత నమూనాను మళ్లీ కుట్టడం కష్టం కాదు. అతినీలలోహిత దీపం కింద దారం తెల్లగా మెరిస్తే యుద్ధం తర్వాతిదని అనుమానిస్తారు. అయితే ఇప్పటి డిటర్జెంటుతో ఉతికిన పాత గుడ్డ కూడా మెరుస్తుంది. మెరవనంత మాత్రాన పాతదని రుజువు కాదు. అందుకే జరీ నల్లబడిన తీరు, మడత లోపలి రంగు, యూనిఫాం నుంచి విప్పిన కుట్టు రంధ్రాలు కలిపి చూడాలి. ఉతకడం, అంచులు కత్తిరించడం ఆ సాక్ష్యాన్ని చెరిపేయడమే.

నమూనా పరాయిది, ఇక్కడివారిది కూలి పనే కదా అని మరో వాదన. నిజమే, ఆ నక్షత్రం కూడా విక్టోరియా రాణి 1861లో నెలకొల్పిన సామ్రాజ్య బిరుదుకు చెందినది. అయినా తీగ ఎంత బిగించాలి, పులి కన్ను ఎక్కడ తిప్పాలి అన్న నిర్ణయం పనివాడిదే. అతని పేరు దొరకకపోయినా, దళం పేరు రాసే ప్రతి మ్యూజియం చీటీ మీద భారత్‌లో చేత్తో కుట్టినదన్న మాట కూడా ఉండాలి.